గ్రంథమే గురువైన గోదావరి ఒడ్డు

అమ్మకి గోదావరి అంటే రాజమండ్రి. పుష్కరాల రేవు, కోటిలింగాల రేవు, వాటి మధ్య తను పుట్టి పెరిగిన వీధులు. 2015 పుష్కరాల తర్వాత మా దగ్గరకి హైదరాబాద్ వచ్చేసింది కానీ మనసు అక్కడే వదిలేసి వచ్చింది. అలాంటి అమ్మని మహారాష్ట్రలోని నాందేడ్ బయల్దేరదీసింది మా పక్కింటి సిక్కు ఆవిడ. ఆవిడ పూర్వీకులు 1830ల్లో పంజాబ్‌ని ఏలిన మహారాజా రంజిత్ సింగ్ నిజాముకి పంపిన లాహోరీ ఫౌజుతో, అంటే సైన్యంతో, వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్ళు. ఇంట్లో పంజాబీ, బయట అచ్చమైన హైదరాబాదీ తెలుగు. ఒకరోజు మాటల్లో, "పెద్దమ్మా, మా పదో గురువు మీ గోదావరి ఒడ్డునే జ్యోతిలో కలిసిపోయిండ్రు, తెల్వదా?" అంది. అమ్మకి తెలియదు. నిజానికి నాకూ సరిగ్గా తెలియదు. ఆ వారమే టికెట్లు తీశాను.

సికింద్రాబాద్ నుంచి రైలు నిజామాబాద్ దాటాక బాసర దగ్గర గోదావరి మీదుగా వెళ్తుంది. అమ్మ చేతిసంచిలోంచి రూపాయి బిళ్ళ తీసి నీళ్ళలోకి విసిరి దణ్ణం పెట్టుకుంది. "ఇది మనకి పైన ఉన్న గోదావరి కదే. ఇక్కడి నీళ్ళే మన రేవుకి వస్తాయి" అంది. సాయంత్రానికి నాందేడ్‌లో దిగాం. స్టేషన్ బోర్డు మీదే హజూర్ సాహిబ్ నాందేడ్ అని ఉంటుంది. అమృత్‌సర్ వెళ్ళే సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ బయల్దేరేది ఇక్కడి నుంచే. ఆ రైల్లో వెళ్ళేవాళ్ళకి దారిలో స్టేషన్లలో సేవకులు ఉచితంగా భోజనం పెడతారని పక్కింటావిడ ముందే చెప్పింది.

సిక్కులకి ఐదు తఖ్త్‌లు ఉన్నాయి. తఖ్త్ అంటే సింహాసనం, ధర్మపీఠం. అమృత్‌సర్‌లో అకాల్ తఖ్త్, ఆనందపూర్‌లో కేశ్‌గఢ్ సాహిబ్, తల్వండీ సాబోలో దమ్‌దమా సాహిబ్, పదో గురువు గురు గోబింద్ సింగ్ పుట్టిన పట్నాలో ఒకటి, దక్షిణాదిలో ఈ ఒక్కటి. దీని పూర్తి పేరు తఖ్త్ సచ్‌ఖండ్ శ్రీ హజూర్ సాహిబ్. ఇప్పుడు మనం చూసే పాలరాతి కట్టడాన్ని 1832 నుంచి 1837 మధ్య రంజిత్ సింగ్ కట్టించాడు. లోపలి గర్భగుడిని అంగీఠా సాహిబ్ అంటారు. గురు గోబింద్ సింగ్ చితి కాలిన చోటు అది.

చెప్పులు విడిచి, తలమీద కొంగు కప్పుకుని, పారే నీళ్ళలో కాళ్ళు కడుక్కుని లోపలికి అడుగుపెట్టాం. సాయంత్రం హారతి వేళ. పంజాబ్ గురుద్వారాల్లో హారతి పాట పాడతారే కానీ మామూలుగా దీపాలు తిప్పరు. ఇక్కడ దీపాలతో హారతి ఇస్తారు. పాడేది గురు నానక్ 'గగన్ మై థాల్'. పూరీ జగన్నాథంలో గుడి హారతి చూసినప్పుడు ఆయన చెప్పిన పాట అని సంప్రదాయం. ఆకాశమే పళ్ళెం, సూర్యచంద్రులే దీపాలు, చుక్కలే ముత్యాలు, మలయ పర్వతం మీది గాలే ధూపం అని దాని భావం. అమ్మ చెవిలో మెల్లగా చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. హారతి అయ్యేదాకా చేతులు జోడించే ఉంది.

తర్వాత గురువుగారి ఆయుధాలు బయటికి తీసి ఒక్కొక్కటే చూపించారు. ఆ కత్తులు చూస్తుంటే నాకు 1708 గుర్తొచ్చింది. మొఘల్ చక్రవర్తి బహదూర్ షా సైన్యంతో పాటు దక్కనుకి వచ్చిన గురు గోబింద్ సింగ్ ఈ ఊళ్ళో ఆగారు. నది ఒడ్డున ఆశ్రమం కట్టుకుని ఉన్న మాధోదాస్ అనే బైరాగి ఆయన్ని కలిసింది ఇక్కడే. ఆ బైరాగే బందా సింగ్ బహదూర్ అయ్యి, 1710లో పంజాబ్‌లో మొఘలుల చేతిలో ఉన్న సర్హింద్‌ను గెలిచాడు. గురువుగారి మీద హంతకులు కత్తి దూసిందీ ఇక్కడే. ఆ గాయం పూర్తిగా మానలేదు. 1708 అక్టోబర్ 7న, 41 ఏళ్ళ వయసులో ఆయన వెళ్ళిపోయారు.

వెళ్ళేముందు చేసిన పని వల్లే ఈ ఊరు సిక్కులకి ఇంత పవిత్రమైంది. తన తర్వాత మనిషి గురువుగా ఉండడని, గ్రంథమే గురువని ప్రకటించారు. గురు నానక్‌తో మొదలైన పదిమంది గురువుల వరస ఈ గోదావరి ఒడ్డున ముగిసి, గురుస్థానం 1430 పుటల గురు గ్రంథ సాహిబ్‌కి వచ్చింది. ఇప్పటికీ ప్రతి ప్రార్థన చివరా సంగత్ అంతా, అంటే అక్కడ చేరిన భక్తులంతా, గొంతు కలిపి అంటారు: "సబ్ సిఖ్ఖన్ కో హుకమ్ హై, గురు మాన్యో గ్రంథ్." సిక్కులందరికీ ఆజ్ఞ, గ్రంథాన్నే గురువుగా భావించండి అని. ఆ మాట పుట్టిన నేల మీద నిలబడి వింటే ఒళ్ళు జలదరించింది.

ఆ గ్రంథంలో ఎవరి మాటలున్నాయో తెలిసినప్పటి నుంచీ నాకు దాని మీద గౌరవం ఇంకా పెరిగింది. గురువులవే కాదు, నేతగాడు కబీరు పాటలున్నాయి, చెప్పులు కుట్టే రవిదాసు పాటలున్నాయి, ముస్లిం సూఫీ షేక్ ఫరీద్‌వి ఉన్నాయి. మరాఠీ భక్తుడు నామదేవుడివీ ఉన్నాయి. ఆయన పేరుతో ఉన్న నర్సీ నామదేవ్ ఊరు పక్క జిల్లా హింగోలిలోనే ఉంది. ఇందరి మాటల ముందూ ఒకేలా తల వంచుతారు. గ్రంథాన్ని చామరంతో విసురుతారు, రాత్రి పవళింపు చేస్తారు, పొద్దున్నే తెరిచి ఆ రోజుకి వచ్చిన వాక్యాన్ని ఆజ్ఞగా చదువుతారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే అలవాటున్న మనకి ఇది ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

అమ్మ బయట తిండి ముట్టదు. ప్రయాణానికి పులిహోర, పెరుగన్నం కట్టుకుని వచ్చింది. లంగర్‌కి, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే పంక్తి భోజనానికి, వెళ్దామంటే మొదట వెనకాడింది. "ఎవరు వండారో ఏమిటో" అని నసిగింది. నేను బలవంతపెట్టలేదు. కూర్చుని చూద్దువుగాని రమ్మన్నాను. చాపల మీద వరసలు. ఒక లారీ డ్రైవర్, అతని పక్కన నగలు పెట్టుకున్న పెద్దింటి కోడలు, ఆవిడ పక్కన ఇద్దరు స్కూలు పిల్లలు, తర్వాత మేము. వడ్డించేవాళ్ళు "దాల్ జీ, పర్షాదా జీ" అంటూ వస్తున్నారు. రొట్టెని పర్షాదా అంటారు. దాన్ని రెండు చేతులూ చాచి అందుకోవాలి. అమ్మ ముందు ఒక ముసలి సర్దార్‌జీ రొట్టె పట్టుకుని వంగాడు. అమ్మ కంటే పెద్దవాడు, చెయ్యి కొద్దిగా వణుకుతోంది. అమ్మ రెండు చేతులూ చాచింది. కళ్ళకద్దుకుని తిన్నది. ఇంకోటి కూడా అడిగింది.

మర్నాడు నేను ఇంకా తయారవుతుండగానే అమ్మ వంటశాలకి వెళ్ళిపోయింది. వెతుక్కుంటూ వెళ్తే ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. వాళ్ళకి తెలుగు రాదు, అమ్మకి పంజాబీ రాదు. కొంగు జారినప్పుడల్లా పక్కావిడ చెయ్యి తుడుచుకుని మళ్ళీ తలమీదకి లాగి సర్దుతోంది. రెండు గంటలు అలా కూర్చుంది. మోకాళ్ళ నొప్పి మాటే ఎత్తలేదు.

ఊళ్ళో నగీనా ఘాట్, బందా ఘాట్, సంగత్ సాహిబ్, మాల్ టేక్డీ, హీరా ఘాట్ ఇలా చాలా గురుద్వారాలున్నాయి. ఆటోలో కొన్ని చుట్టొచ్చాం. నగీనా ఘాట్ దగ్గర మెట్లు దిగి అమ్మ నీళ్ళు నెత్తిన చల్లుకుంది. ఇక్కడ రోజూ ఇంకా చీకటి ఉండగానే, గాగరియా సింగ్ అనే సేవకుడు వెండి బిందెతో గోదావరి నీళ్ళు తెస్తాడు. ఆ నీళ్ళతోనే తఖ్త్‌ని కడుగుతారు. అది విన్నాక అమ్మ ఆ మెట్ల మీదే కూర్చుండిపోయింది. "మన నీళ్ళేనే" అని రెండుసార్లు అంది.

తిరుగు ప్రయాణం బీదర్ మీదుగా పెట్టుకున్నాం. నానక్ ఝిరా సాహిబ్ అక్కడే. గురు నానక్ వచ్చినప్పుడు ఊళ్ళో తాగడానికి మంచినీళ్ళు లేవని, ఆయన పాదంతో రాయి కదిపితే తియ్యటి ఊట వచ్చిందని నమ్మకం. ఆ ఊట ఇప్పటికీ ఉంది, దోసిలి పట్టి తాగాం. బీదర్‌కి ఇంకో గొప్ప ఉంది. 1699 వైశాఖి నాడు ఆనందపూర్‌లో గురు గోబింద్ సింగ్ కత్తి దూసి, తల ఇచ్చేవాడు ఎవరని అడిగితే లేచిన ఐదుగురిలో ఒకడైన సాహిబ్ సింగ్ ఈ ఊరివాడు, క్షురక వృత్తివాడు. ఆ ఐదుగురికీ దీక్షగా అమృతం ఇచ్చి ఖాల్సాని, అంటే దీక్ష తీసుకున్న సిక్కుల సమాజాన్ని, స్థాపించిన గురువు, తర్వాత తనే వాళ్ళ ముందు మోకరిల్లి వాళ్ళ చేతుల మీదుగా అమృతం తీసుకున్నారు. శిష్యుల ముందు గురువు మోకరిల్లడం! నాకు ఈ యాత్ర మొత్తంలో ఎక్కువగా తలపుకొచ్చేది ఆ దృశ్యమే.

అమ్మకి మాత్రం వేరే సంగతి పట్టుకుంది. హైదరాబాద్ బస్సు జహీరాబాద్ దాటాక అడిగింది, గురువుగారి పిల్లల సంగతి మళ్ళీ చెప్పమని. చెప్పాను. పెద్దవాళ్ళిద్దరూ మొఘల్ సైన్యంతో జరిగిన చమ్‌కౌర్ యుద్ధంలో పోయారు. పదేళ్ళు కూడా నిండని చిన్నవాళ్ళిద్దరినీ, మతం మారమంటే మారనన్నందుకు, సర్హింద్‌లో బతికుండగానే గోడలో పెట్టి కట్టేశారు. వాళ్ళతో పాటు బందీగా ఉన్న నాయనమ్మ మాతా గుజ్రీ కూడా అక్కడే ప్రాణం విడిచింది.

అమ్మ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత, "వాళ్ళ పేర్లేమిటే?" అంది.

"అజిత్ సింగ్, జుఝార్ సింగ్, జోరావర్ సింగ్, ఫతే సింగ్."

"నెమ్మదిగా చెప్పు" అని, ఒక్కొక్క పేరూ నా వెనకే పలికింది.