చేయి అందిన అర

మన బడి పూర్వవిద్యార్థుల సమావేశం కమిటీ కార్యదర్శి ఫోను చేసి, "సంచికలో నీకు రెండు పేజీలు ఉంచాం, బడి జ్ఞాపకాలు రాసి పంపు" అన్నాడు. మర్నాడు కోశాధికారి విడిగా ఫోను చేశాడు. "జ్ఞాపకాలు వద్దు. వచ్చిన వ్యాసాల్లో సగం రెండో గంట సంగతే. మనమందరం తాతలం, అమ్మమ్మలం, నానమ్మలం అయ్యాం. ఏ వయసు పిల్లలకు ఏ పుస్తకం కొనాలో రాయి. మాయలూ గుర్రాలూ ఉండాలి, మా మనవరాలికి అవే కావాలి" అని ఆజ్ఞాపించాడు. ఇద్దరిలో ఎవరు అలిగినా భోజనాల దగ్గర ఇబ్బంది కనుక రెండూ కలిపి రాస్తున్నాను.

పుస్తకాలనగానే నాకు డ్రిల్లు సారు తప్ప మరెవరూ గుర్తుకు రారు. తెలుగు సారు నొచ్చుకుంటే నొచ్చుకోనీ. ఆయన నేర్పిన ఛందస్సు ఇప్పటికీ నా కలలోకి వస్తుంది, అదీ పరీక్ష రూపంలో.

లైబ్రరీ బాధ్యత ఎవరూ తీసుకోకపోతే పటాలం నుంచి వచ్చిన మనిషి కదా అని ఆయన నెత్తిన పెట్టారు. లైబ్రరీ అంటే డ్రిల్లు గదిలో వాలీబాల్ నెట్టు పక్కనున్న ఆకుపచ్చ ఇనుప బీరువా. నాలుగు అరలు. పుస్తకాలు సర్దే శాస్త్రం ఆయనకు తెలియదు, వరసలో నిలబెట్టడం తెలుసు. అందుకని ఎత్తును బట్టి పంచారు. "చేయి అందిన అర నీది. మడమలు లేపకూడదు." మనం పొడుగు అని పిలిచేవాడు ఆరో తరగతిలోనే పై అర అందుకుని, తెచ్చుకున్న పుస్తకంలో ఒక్క ముక్కా అర్థం కాక ఏడ్చాడు. నేను బడి వదిలేదాకా మూడో అర మనిషినే.

కోశాధికారీ, నీ జాబితా కూడా అరల ప్రకారమే ఇస్తున్నాను, రాసుకో.

అయిదారేళ్ళ పిల్లలకు ఏమీ కొనవద్దు. ఒడిలో కూర్చోబెట్టుకుని కద్రువ, వినతల పందెం చెప్పు. పాలకడలిలోంచి పుట్టిన తెల్లటి ఉచ్చైఃశ్రవం, దాని తోక నల్లగా కనబడాలని వెళ్ళి వేలాడిన పాములు. మా చిన్న మనవరాలు అంతా విని, "తోకకు పాములు చుట్టుకుంటే గుర్రం ఎందుకు తన్నలేదు తాతా?" అని అడిగింది. ముప్పై నాలుగేళ్ళు పశువైద్యుడిగా పనిచేసిన నా దగ్గర దానికి సమాధానం లేదు.

చదవడం వచ్చాక చందమామ. 1947లో మొదలైన పత్రిక అది. మన కింది అరంతా అదే కదా, అట్టలు ఊడిపోయి, వేతాళుడి బొమ్మల చుట్టూ మీసాలు గీసి (ఎవరి పనో అందరికీ తెలుసు). 1954లో వచ్చిన 'తోకచుక్క' మొదలుకొని 'శిథిలాలయం', 'రాతిరథం' లాంటి ధారావాహికలు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని నాకు ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. చిత్రా గారి బొమ్మలతో పాత సంచికలు ఎక్కడ కనబడినా బేరమాడకుండా కొను.

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు సి.ఎస్. లూయిస్ 'ది హార్స్ అండ్ హిజ్ బాయ్', 1954. అందులో బ్రీ అనే మాట్లాడే గుర్రానికి ఒక బెంగ: మాట్లాడే గుర్రాలు నేల మీద పడి దొర్లవచ్చా, దొర్లితే మర్యాద పోతుందా అని. గుర్రం దొర్లడం చూసిన వాళ్ళెవరైనా ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి నవ్వుకోవాల్సిందే. దాని పక్కనే మార్గరెట్ హెన్రీ 1947లో రాసిన 'మిస్టీ ఆఫ్ చింకటీగ్' పెట్టు. అమెరికాలో వర్జీనియా తీరాన ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఈదుకుంటూ వచ్చే పొట్టి గుర్రాల కథ. మాయలేమీ ఉండవు. పిల్లలకు ఆ తేడా పట్టదు.

పదేళ్ళ వాళ్ళకు మన భారతంలోని నలోపాఖ్యానం చెప్పకపోతే తప్పు. రూపం పోయి బాహుకుడైన నలుడు ఋతుపర్ణుడి రథానికి బక్కచిక్కిన గుర్రాలను ఏరుకుంటాడు. ఇవేం గుర్రాలని రాజు చిరాకుపడతాడు. దారిలో రాజు ఉత్తరీయం జారిపడుతుంది. ఆపమనేలోగా రథం యోజనం దూరం దాటిపోయి ఉంటుంది. బలిసిన గుర్రాన్ని చూసి మురిసిపోవద్దని మా కాలేజీలో ఒక సంవత్సరం పాటు చెప్పిన పాఠాన్ని నన్నయ గారు ఆ కాసిని మాటల్లో తేల్చేశారు.

ఇక మూడో అర. అక్కడ నేను ఆగాలి.

ఏడో తరగతిలో శనివారం చివరి పీరియడు గుర్తుందా? వేపచెట్టు కింద మనం, మెడలో విజిలుతో డ్రిల్లు సారు, ఆయన చేతిలో ఇంగ్లీషు 'బ్లాక్ బ్యూటీ'. గుర్రమే తన కథ చెప్పుకునే పుస్తకం. ఆయన లోపల ఇంగ్లీషు చదువుకుని బయటికి తెలుగులో, పెరేడ్ గొంతుతో చెప్పేవారు. "నేను పుట్టిన పచ్చిక మైదానంలో..." అని మొదలుపెట్టగానే గేటు దగ్గర టాంగా తాత గుర్రం చెవులు నిక్కబొడుచుకునేది. అది ఎర్రగోధుమ రంగుది. కథలోని జింజర్ అనే గుర్రం రంగూ అదే కనుక దానికి ఆ పేరు పెట్టేశాం. గంట కొట్టాక దాని మూతికి కట్టిన ఉలవల సంచిలో చేయి పెట్టడానికి పోటీ. ఉలవలు తడిగా, వెచ్చగా తగిలేవి. ఎన్నిసార్లు కడుక్కున్నా ఇంటికి వెళ్ళేదాకా చేతికి ఆ వాసన ఉండేది.

దసరా సెలవులయ్యాక టాంగా తాత కొరడా చంకలో పెట్టుకుని నడిచి వచ్చాడు. సారుతో గేటు బయట ఏదో మాట్లాడి వెళ్ళిపోయాడు. ఆ శనివారం సారు వేలు తడి చేసుకుని రెండు మూడు కాగితాలు ఒక్కసారే తిప్పారు. "జింజర్ ఊరికి పోయింది" అన్నారు.

"ఏ ఊరికి సారూ?" అన్నాడు మనం మామిడికాయ అని పిలిచేవాడు.

"గడ్డి ఉన్న ఊరికి."

ఆ ఏటి ఎండలకు పానగల్లు చెరువు గట్టు మీద కూడా పచ్చటి పరక లేదు. అందుకని మనమందరం నమ్మాం. నేను ఆదివారం దాకా నమ్మాను.

సోమవారం అన్నాల గంటలో తలుపు వెనక మేకుకు వేలాడే తాళంచెవి తీసుకుని బీరువా తెరిచాను. పై అర అందక డంబెల్స్ పెట్టె ఎక్కాను. సారు బోర్డు మీద రాసిన ఇంగ్లీషు అక్షరాలు జి, ఐ, ఎన్, జి, ఇ, ఆర్ గుర్తుపెట్టుకుని వెతికాను. నలభయ్యో అధ్యాయం పేరులో కనబడ్డాయి. చిన్న అధ్యాయం. మన తెలుగు మీడియం ఇంగ్లీషుకు అందులో అందినవి పట్టుమని పది మాటలు. 'హార్స్' తెలుసు. 'వైట్' తెలుసు. 'డెడ్' తెలుసు. ఒక బండి మీద చచ్చిపోయిన గుర్రం వెళుతోంది, దాని నుదుట తెల్లటి చార ఉంది. టాంగా తాత గుర్రం నుదుటా ఉండేది. పెట్టె మీద నిలబడే ఎంతసేపు చూశానో తెలియదు. గంట కొట్టారు. పుస్తకం లోపల పెట్టాను, తాళం వేశాను, తాళంచెవి నిక్కరు జేబులో ఉండిపోయింది.

తరవాత జరిగింది మీ అందరికీ తెలుసు. మామిడిచెట్టు కేసు అప్పటికి ఇంకా చల్లారలేదు కనుక అనుమానం మామిడికాయ మీదికి పోయింది. డ్రిల్లు సారు కొట్టరు, పరుగెత్తిస్తారు. గ్రౌండు చుట్టూ పన్నెండు చుట్లు. తొమ్మిదో చుట్టుకు వాడు నా ముందునుంచి వెళుతూ నవ్వాడు కూడా. ఇన్నేళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ వాడిని తాళంచెవి దొంగ అని పిలిచాం. నేనూ పిలిచాను. ఒరే, అది నేనురా.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు ఎలా గడిచాయో గుర్తు లేదు. 1978లో మనకు ఫలితాలు వచ్చాయి. ఆ గుర్రం వల్లే పశువైద్యుడినయ్యానని స్టేజీ మీద చెబితే బాగుంటుంది గానీ, నిజానికి ఎం.బి.బి.ఎస్. సీటు రాలేదు. రాజేంద్రనగర్‌ పశువైద్య కళాశాలలో చేరాను. ఆ హాస్టల్లోనే 'బ్లాక్ బ్యూటీ' మొదటి నుంచి చివరిదాకా చదివాను. అనా సెవెల్ అనే ఆవిడ, చిన్నతనంలో పడి కాలు దెబ్బతిన్న మనిషి, జబ్బుతో మంచం మీద ఉండి రాసిన ఒకే ఒక్క నవల. 1877లో అచ్చయింది, మరుసటి ఏడే ఆవిడ పోయారు. బండి గుర్రాలు దర్జాగా కనబడాలని మెడ పైకి లాగి బిగించే పట్టీ మీద ఆవిడకు ఎంత కోపమో ప్రతి పదిపేజీలకూ తెలుస్తుంది.

నా సర్వీసంతా గేదెలూ మేకలూ కోళ్ళే. గుర్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కానీ ఒకసారి మహబూబ్‌నగర్‌లో పెళ్ళి ఊరేగింపు ఎదురొచ్చింది. వరుడి గుర్రానికి తల దించే వీలు లేకుండా పట్టీ బిగించారు. నోటి పక్కన నురగ. జీపు దిగి, పట్టీ రెండు రంధ్రాలు వదులు చేయమన్నాను. "మీరెవరు?" అన్నారు పెళ్ళివారు. "పశువుల డాక్టరును" అన్నాను. బ్యాండు ఆగింది. పట్టీ వదులు కాగానే ఆ గుర్రం మెడ దించి ముక్కుతో ఒక్కసారి గట్టిగా ఊదింది. 2020లో జాయింట్ డైరెక్టరుగా రిటైరైనప్పుడు శాలువాలు కప్పారు, ఫోటోలు తీశారు. ఆ ఊపిరే నాకు ఎక్కువ గుర్తు.

అందుకని కోశాధికారీ, పదకొండేళ్ళ మనవరాలికి 'బ్లాక్ బ్యూటీ' ఇవ్వు, కానీ నలభయ్యో అధ్యాయం నాడు ఇంట్లో ఉండు. ఈ వయసుకు ఈ పుస్తకమని అట్ట మీద వేసే అంకెలు నేను నమ్మను. మా పెద్దమనవరాలు తొమ్మిదో ఏటే చదివి కంచం ముందు కూర్చుని అన్నం ముట్టలేదు. దాని అన్న పదమూడో ఏట చదివి, "ఇంకా ఉందా?" అన్నాడు. వాడికి మైకేల్ మోర్పర్గో 1982లో రాసిన 'వార్ హార్స్' ఇచ్చాను. అదీ గుర్రం చెప్పే కథే, మొదటి ప్రపంచయుద్ధం. తరవాత అర్సులా లెగ్విన్ 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ', 1968. అందులో ఒక కుర్రవాడు పంతానికి పోయి విడిచిపెట్టిన నీడ వాడి వెంటే పడుతుంది. ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా కదలని నీడను చూసి, అది ఏ స్తంభానిదో తేలక కొట్టుకున్న మనకు ఆ పుస్తకం ఇట్టే నచ్చుతుంది.

పై అర మనవళ్ళకు కాదు, మనకు. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు సంపుటాలు, 1954, 55. అందులో షాడోఫాక్స్ అనే గుర్రం మీద గాండాల్ఫ్ అనే మాంత్రికుడు జీను లేకుండా, కళ్ళెం లేకుండా స్వారీ చేస్తాడు. అది చదువుతుంటే నాకు పెళ్ళిగుర్రం గుర్తొచ్చింది. చివరగా టాల్‌స్టాయ్ 'ఖోల్స్తోమెర్', 1886లో వెలువడింది. ఒక ముసలి గుర్రం మందలోని తక్కిన గుర్రాలకు రాత్రులు తన కథ చెప్పుకుంటుంది. మనుషులు 'నాది' అనే మాటను ఎందుకంత వాడతారో దానికి ఎంతకీ అంతుబట్టదు. దీన్ని అరవై దాటాక చదవాలి, మోకాళ్ళ నొప్పులు ఉంటే ఇంకా మంచిది.

సమావేశానికి పుస్తకాల అట్టపెట్టె ఒకటి తెస్తాను. ఆ ఆకుపచ్చ బీరువా ఏ మూలనైనా ఉందేమో కాస్త వెతికించండి. తాళంచెవి మాత్రం మామిడికాయ చేతికే ఇస్తాను. తుప్పు పట్టలేదు, ఏటా కొబ్బరినూనె రాస్తున్నాను.