గర్భిణికి తాగుడు మాన్పించే వైద్యం: పెద్దాసుపత్రిలో నా అనుభవం

నిన్నటితో మా పాపకు నలభై రెండు రోజులు నిండాయి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూసే మొదటి ఆరు వారాల సందర్శనల్లో చివరిది కూడా పూర్తయింది. మాది నెల్లూరు జిల్లాలో కావలికి దగ్గరి పల్లె. నా భర్త రొయ్యల చెరువుల మీద పని చేస్తారు, నేను డిగ్రీ చదివాను. మా మొదటి బిడ్డ కడుపులోనే చనిపోయిన తరువాత నాకు నిద్ర కరువైంది. నిద్ర కోసం మొదలైన బ్రాందీ కొన్ని నెలలు తిరిగేసరికి, పొద్దు వాలే వేళకు చుక్క పడకపోతే చేతులు వణికే జబ్బుగా మారింది. మళ్లీ గర్భం నిలిచిందని తెలిసేనాటికి నేను ఆ స్థితిలోనే ఉన్నాను. అలాంటి స్త్రీకి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఉంది, ఉచితంగానే ఉంది. అయితే దాని దాకా చేరే దారి ఎలా ఉందో ఎవరూ రాయగా నేను చూడలేదు కనుక, అన్నీ గుర్తున్నప్పుడే రాస్తున్నాను.

గర్భం నమోదు, తల్లీబిడ్డల కార్డు, రక్తపరీక్షలు, స్కానింగ్ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. గర్భిణులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే మాతృవందన డబ్బు మొదటి కాన్పుకు 5000 రూపాయలు. మొదటి బిడ్డ దక్కనివారికి మళ్లీ అర్హత ఉంటుందని ఏఎన్ఎం చెప్పి దరఖాస్తు చేయించింది.

తాగుడు సంగతి నేను మొదట చెప్పింది మా ఆశా కార్యకర్తకే. ఆమె నాకంటే చిన్నది. ముఖం చిట్లించలేదు, సుద్దులు చెప్పలేదు. "అక్కా, ఈ మాట ఊళ్లో నా నోట రాదు, కానీ డాక్టరమ్మ దగ్గర మాత్రం దాచొద్దు" అంది. 2016 నుంచి ప్రతి నెల 9వ తేదీన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతున్నాయి. ఆ రోజు నన్ను చూసిన డాక్టరమ్మ విషయం విని, పెద్దాసుపత్రికి వెళ్లమని చీటీ రాసి ఇచ్చారు. ఆ చీటీతో పాటు చెప్పవలసిన ముఖ్యమైన మాట మాత్రం ఎవరూ చెప్పలేదు. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఒకటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతి భ్రమించవచ్చు, గర్భిణికైతే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రికి మందు వాసనతో వెళ్లడానికి ఏ ఆడది ఒప్పుకుంటుంది? నేనూ ముందురోజు నుంచి ముట్టకుండానే బయలుదేరాను.

ఏ ఊరి ఆసుపత్రో రాయను. ప్రసూతి విభాగం ఓపీలో గర్భిణులు, వాళ్ల అమ్మలు, అత్తలు బల్లల మీద కిక్కిరిసి కూర్చున్నారు. చీటీ తీసుకున్న నర్సు దాన్ని చదివి, నా వైపు చూసి, ఆ హాలంతా వినపడేలా, "తాగేది నీ మొగుడా, నువ్వా?" అని అడిగింది. "నేనే మేడమ్" అన్నాను. ఆమె ఎర్ర పెన్ను తీసి నా కేసు షీటు పైన పెద్ద అక్షరాలతో 'ఆల్కహాలిక్' అని రాసి, కింద రెండు గీతలు గీసింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ తన కోడలిని చెయ్యి పట్టి లేపి అవతలి బల్ల మీదికి తీసుకుపోయింది. లోపల ఉన్న డాక్టరు నా పొట్ట మీద చెయ్యి కూడా వేయకుండా, "ముందు మందు మాన్పించుకుని రా, తరువాత మేము చూస్తాం" అని మత్తు విముక్తి కేంద్రానికి రాసి పంపారు.

ఆ కేంద్రం అదే ఆవరణలో మరో భవనంలో ఉంది. వరండాలో లుంగీలతో మగవాళ్లు, లోపల మంచాల మీదా మగవాళ్లే, ఉన్న ఒక్క మరుగుదొడ్డీ వాళ్లదే. గోడ మీది పోస్టర్లో సీసా పట్టుకున్న తండ్రి, కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న తల్లి, ఆమెను కరుచుకున్న పిల్లలు కనిపించారు. ఆ పోస్టరు గీయించినవాళ్ల ఊహలో సీసా ఆ తల్లి చేతిలో ఉండే అవకాశమే లేదు. అక్కడి ఉద్యోగి నా కడుపు చూసి కంగారుపడి, "గర్భిణీలను మేము చేర్చుకోమమ్మా, మాకు రిస్కు. గైనిక్ వాళ్ల దగ్గర లెటరు తెచ్చుకోండి" అన్నాడు. లెటరు కోసం తిరిగి వెళితే ప్రసూతి విభాగంలో, "వాళ్ల పేషెంటుకు మేమెందుకు లెటరు ఇస్తాం?" అన్నారు. రెండు భవనాల మధ్య ఎండలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. రెండు చోట్లా నన్ను చూశారే గాని, నా నాడి చూసినవాళ్లు లేరు.

మధ్యాహ్నానికి చేతిలోని చీటీ గలగలలాడేంతగా వణుకు పట్టుకుంది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది, వాంతి వచ్చేటట్టుగా ఉంది. కాపలా మనిషి వచ్చి, "ఇక్కడ కూర్చోకూడదు, లేవమ్మా" అన్నాడు. తాగి వచ్చాననుకున్నాడు. నిజానికి ఆ వణుకంతా తాగనందువల్ల వచ్చింది. అంత పెద్ద ఆసుపత్రిలో ఆ తేడా గుర్తుపట్టే మనిషి ఒక్కరూ ఆ దారిన రాలేదు. నా భర్త కళ్లనీళ్లు పెట్టుకుని, ఇంటికి పోదామన్నారు.

అప్పుడు ఆశా కార్యకర్తకు ఫోను చేశాను. ఆమె చెప్పిన 14416 నంబరుకు చేస్తే తెలుగులోనే మాట్లాడారు. మానసిక ఆరోగ్యం కోసం 2022లో మొదలైన ఉచిత సేవ అది. ఎత్తిన అమ్మాయి ముందుగా అడిగింది, "అమ్మా, చివరిసారి ఎప్పుడు తాగారు? ఇంతకు ముందెప్పుడైనా మూర్ఛ వచ్చిందా? బిడ్డ కదులుతోందా?" అని. ఉదయం నుంచి ఎవరూ వేయని ప్రశ్నలు అవి. "మీరు ఓపీలో ఉండకూడదు, ఇప్పుడే క్యాజువాల్టీకి వెళ్లండి, మందు మానడం వల్ల వచ్చిన వణుకు అని చెప్పండి, గర్భిణి అని చెప్పండి" అంది. ఆ రెండు మాటలే చెప్పాను. క్యాజువాల్టీలో నన్ను పడుకోబెట్టి, మానసిక వైద్య విభాగం నుంచి యువ డాక్టరును పిలిపించారు. ఆయన గ్లూకోజు ఎక్కించే ముందే బి1 విటమిను ఇంజెక్షను ఇవ్వాలని నర్సును ఆపి మరీ ఇప్పించారు. వణుకు తగ్గడానికి మందు రాశారు. తరువాత ఆయనే ప్రసూతి విభాగానికి నడిచి వెళ్లి మాట్లాడి వచ్చారు. పడక ప్రసూతి వార్డులో, బిడ్డ గుండె చప్పుడు చూసేది వాళ్లు, మత్తు వైద్యం కోసం వార్డుకు వచ్చి చూసేది ఈయన. ఉదయం నుంచి ఎవరికీ తట్టని ఏర్పాటు పది నిమిషాల మాటతో కుదిరింది. ఆయనకు నా కుటుంబమంతా రుణపడి ఉంది.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. కానీ ఆనాటి నుంచి మందు సంగతి వస్తే మన ఆలోచనలో తాగేది మగవాడు, ఏడ్చేది ఆడది. తాగుడు జబ్బు పట్టిన ఆడది ఎదురైతే ఏ గదిలోకి పంపాలో, ఏ మంచం ఇవ్వాలో, ఏ పోస్టరు చూపాలో ఆసుపత్రి కూడా ఎరగదు. ఆ ఎరగనితనాన్ని అసహ్యంగా మార్చుకుని రోగి మీద చూపడాన్ని మాత్రం నేను క్షమించను.

వార్డులో ఉన్న రోజుల్లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017ను ఫోనులో చదివాను. మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే స్థితులను కూడా ఆ చట్టం మానసిక అనారోగ్యంగానే లెక్కిస్తుంది. 23వ సెక్షను ప్రకారం రోగి వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యసిబ్బంది బాధ్యత. కేసు షీటు మీది ఎర్ర అక్షరాలు చూపించి ఈ సెక్షను చదివి వినిపించాను. మరునాడు కొత్త షీటు వచ్చింది.

కాన్పు సుఖంగా జరిగింది. పాప 2 కిలోల 100 గ్రాములు. రెండున్నర కిలోల కంటే తక్కువ కాబట్టి తక్కువ బరువు బిడ్డ కిందే లెక్క. నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో ఉంచారు. అక్కడ మరొక సిస్టరు, "నువ్వు పాలివ్వొద్దు, ఇలాంటి తల్లుల పిల్లలను శిశుగృహకు పంపుతారు" అని బెదిరించింది. నేను పిల్లల డాక్టరునే అడిగాను. తాగడం మానిన తల్లి పాలు ఇవ్వవచ్చు, తక్కువ బరువు బిడ్డకు అవే ఔషధం అని ఆయన చెప్పారు. ఇక విడదీయడం గురించి, పై చట్టంలోనే 21వ సెక్షను ఏం చెబుతుందంటే, చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయకూడదు. బిడ్డకు ప్రమాదమని మానసిక వైద్యుడు భావిస్తేనే తాత్కాలికంగా వేరు చేయాలి, అప్పుడు కూడా తల్లిని బిడ్డ దగ్గరకు రానివ్వాలి, ఆ నిర్ణయాన్ని పదిహేను రోజులకొకసారి సమీక్షించాలి. ఆ సిస్టరుకు ఇది కూడా చదివి వినిపించాను.

ఇంటికి వచ్చాక కష్టం తీరిపోదు. రాత్రంతా పాప ఏడుస్తూ నిద్ర లేకుండా గడిపిన రోజుల్లో మందు మీద ధ్యాస గర్భంలో ఉన్నప్పటి కంటే ఎక్కువగా లాగింది. ఆశా కార్యకర్త బిడ్డను తూచడానికి వచ్చినప్పుడల్లా, తలుపు దగ్గరకు వేసి, "నువ్వెట్టున్నావక్కా?" అని విడిగా అడిగేది. ఈ పలకరింపు ఏ ఫారంలోనూ లేదు. మా ఆడబిడ్డ గోడల మీద రాసి ఉండే 'తెలియకుండా కలిపి ఇచ్చే మందు' తెప్పిస్తానంది. వద్దని గట్టిగా చెప్పాను. తాగుడు మాన్పించడానికి వాడే కొన్ని మందులు గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వకూడనివి. తెలియకుండా ఇవ్వడం ఎవరికైనా ప్రమాదమే.

ఈ స్థితిలో ఉన్నవాళ్లు సొంతంగా ఉన్నట్టుండి మానేయకండి. 14416కు గానీ, మత్తు విముక్తి కోసం ప్రత్యేకంగా ఉన్న 14446కు గానీ ముందు ఫోను చేయండి, రెండూ ఉచితమే. వణుకు, చెమటలు మొదలైతే ఓపీ వరుసలో నిలబడవద్దు, 108 పిలిచి నేరుగా క్యాజువాల్టీకి వెళ్లండి. పడక ప్రసూతి వార్డులోనే కావాలని, మానసిక వైద్యుడు అక్కడికే రావాలని అడగండి. తరువాతి సంప్రదింపులకు మహిళా కౌన్సెలర్ ఉన్న రోజు ఏదో కనుక్కుని ఆ రోజే వెళ్లండి. నాకు వచ్చే వారం వెళ్లవలసి ఉంది, పాపను వెంట తీసుకునే వెళ్తాను.