తెర నల్లబడిన సాయంత్రం

వార్డులో పదకొండేళ్లు నర్సుగా పనిచేసి వీడియో వైద్యానికి మారినప్పుడు నా బెంగంతా తెర మీద కనిపించే బొమ్మ గురించే. మంచం పక్కన నిలబడితే తెలిసేది తెర మీద ఎంత తెలుస్తుంది అని. అసలు భయపడవలసింది వేరే ఉందని ఒక సాయంత్రం తెలిసింది.

మధుమేహం మందుల గురించి అడగడానికి వచ్చిన ఒక పెద్దాయన, మాటల మధ్యలో ఛాతీ బరువుగా ఉందన్నారు. నుదుటి మీద చెమట కనిపిస్తూనే ఉంది. ఇంతలో తెర నల్లబడింది. ఫోను చేస్తే ఎత్తలేదు. రికార్డులో ఉన్న చిరునామాకు అంబులెన్సు వెళితే అక్కడ తాళం! ఆయన ఆ వారం కూతురి ఇంట్లో ఉన్నారు. నాలుగోసారి చేస్తే కూతురు ఎత్తింది. ఆయన దక్కారు.

అప్పటి నుంచి పలకరింపు కంటే ముందే అడుగుతాను: ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, లైను తెగితే ఏ నంబరుకు చేయాలి, పక్కన ఎవరున్నారు? కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

దూర వైద్య సేవల నాణ్యతకు ఐఎస్ఓ 13131 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉందని ఆ తరువాతే తెలిసింది. 2021 నాటి ప్రతి చదివాను. నిద్ర పట్టనివారికి పనికొచ్చే భాష, కాని విషయం గట్టిది. హాని ఎక్కడ జరగవచ్చో ముందు లెక్క వేసుకుని, దాన్నిబట్టి లక్ష్యాలూ పద్ధతులూ ఏర్పరచుకోమంటుంది. మేము యాప్‌ తెచ్చుకున్నాక ఆలోచించడం మొదలుపెట్టాం.

రోగి ఇంట్లో కొలుచుకుని చదివి చెప్పే అంకెల సంగతీ అంతే, హాని ఎక్కడుందో ముందే చూసుకోవాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. వేలికి పెట్టే ఆక్సీమీటరు నల్లని చర్మం మీద ఆక్సిజన్‌ను ఎక్కువ చేసి చూపవచ్చు. అందుకే పట్టీ చుట్టిన చేతిని కెమెరాకు చూపమంటాను. అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి మళ్లీ కొలిపిస్తాను.

వినికిడి లేనివారి కోసం తెర మీద మాటలు అక్షరాల్లో రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2022లో ప్రమాణం ఇచ్చాయి. మా యాప్‌లో ఆ సౌకర్యం లేదు. నేనే టైపు చేస్తున్నాను, తప్పులతో సహా.

నిన్న ఒకావిడ "బస్సులో ఉన్నాను, పరవాలేదు చెప్పండి" అన్నారు. ఆవిడ గర్భపరీక్ష ఫలితం నా ముందుంది. దిగిన తరువాత చేస్తానని చెప్పి పెట్టేశాను.