మన తిరుపతికీ మార్కులు

వాతావరణ మార్పుల విషయంలో నగరాలు ఏం చేస్తున్నాయో చూసి మార్కులు వేసే క్లైమేట్ స్మార్ట్ సిటీస్ అసెస్‌మెంట్‌ని కేంద్రం 2019లో మొదలుపెట్టింది. స్మార్ట్ సిటీ కాబట్టి మన తిరుపతి కూడా ఉంది. చెత్త, నీళ్లు, గాలి, కరెంటు, పచ్చదనం అన్నీ లెక్కలోకొస్తాయి. ర్యాంకు సంగతి అటుంచితే, 2021 నవంబరు వానలకి వీధులు ఏరులైపోవడం చూసిన ఊరికి ఈ లెక్క చాలా అవసరం.

మొన్న తూకివాకం చెత్త ప్లాంటు చూసొచ్చాను. వాడిన పూలదండలు, అరటాకులు, వాటి మధ్య ఇరుక్కుపోయిన పాలిథిన్ కవర్లు. ఒక అక్క వాటిని చేత్తో ఒక్కొక్కటిగా ఏరుతోంది. మనసు కలుక్కుమంది. మార్కులు కార్పొరేషన్‌కే అయినా, ఆ కవర్లు మన వంటిళ్లలోంచి వెళ్లినవే కదా! మా అపార్ట్‌మెంట్‌లో అందరం మాట్లాడుకున్నాం. ఈ వారం నుంచి తడి, పొడి వేరువేరుగా ఇస్తున్నాం. మీ వీధిలోనూ మొదలుపెట్టండి, ప్లీజ్.