తోడికోడలితో కుమారపర్వతం

"తోడికోడళ్లిద్దరూ కలిసి కొండెక్కుతున్నారా? దిగేటప్పుడు ఇద్దరూ ఉన్నారో లేదో లెక్క చూసుకోండి" అని మా ఆడపడుచు ఫోన్‌లో ఒకటే నవ్వు. నవ్వదూ మరి! పెళ్లయిన పన్నెండేళ్లలో నేనూ అక్కా కలిసి చేసిన పనులంటే పెళ్లిళ్లలో వంటింటి అజమాయిషీ, సంక్రాంతికి అరిసెలు. అంతే.

కరోనాకి ముందు సంవత్సరం జనవరిలో బావగారూ అక్కా నరసరావుపేట నుంచి బెంగళూరు వచ్చారు. కర్ణాటకలోని కుక్కే సుబ్రహ్మణ్యలో ఆశ్లేష బలి అనే సర్పదోష పూజ చేయించుకోవాలని మొక్కు. అందరం కలిసి వెళ్లాం. పూజ అయ్యాక గుడి బయట నిలబడి, వెనకాల ఉన్న కొండల వైపు చూపించి "ఇక్కణ్ణుంచే కుమారపర్వతం ఎక్కుతారక్కా, ఎప్పట్నుంచో అనుకుంటున్నా" అన్నాను. "అయితే రేపెక్కుదాం" అంది. నేను జోకనుకున్నాను.

దక్షిణాదిలో ట్రెకింగ్ చేసేవాళ్లని అడిగితే కష్టమైన వాటిలో దీని పేరు తప్పకుండా చెబుతారు. శిఖరం ఎత్తు 1712 మీటర్లు. సంఖ్య చూస్తే హిమాలయాల ముందు బొమ్మలా ఉంటుంది గానీ, కుక్కే ఊరు కొండ కాళ్ల దగ్గరెక్కడో ఉండటంతో ఎక్కాల్సినదంతా మన కాళ్లతోనే ఎక్కాలి. పోను సుమారు 13 కిలోమీటర్లు. మొదట దట్టమైన అడవి, ఆ తర్వాత నీడ అన్నది లేని గడ్డి కొండలు, చివర్లో మళ్లీ అడవి, బండలు. తారకాసురుణ్ణి చంపాక కుమారస్వామి ఈ కొండ మీదికే వచ్చాడని, కింద కుమారధార ఒడ్డున దేవసేనను పెళ్లాడాడని స్థలపురాణం.

ఆఫీసు వాళ్లతో అప్పటికి ఏడెనిమిది ట్రెక్‌లు చేసిన దాన్ని కదా, అక్కని ఇంటర్వ్యూ చేశాను. ఎప్పుడైనా నడిచావా అని. "అలిపిరి మెట్లు 3550, ఆరుసార్లు. చెప్పుల్లేకుండా. కోటప్పకొండ తిరునాళ్లకి ప్రభల వెనక నడిచిన కాళ్లమ్మాయ్ ఇవి" అంది. బూట్లు మాత్రం లేవు. వాళ్ల అబ్బాయివి రెండు జతల మేజోళ్ల మీద వేసుకుంది.

అడవిలోకి అడుగుపెట్టి నలభై నిమిషాలు కాలేదు, "అమ్మాయ్, ఆగు. బూటు కరుస్తోంది" అంది.

నాకు చిరాకేసింది. చల్లగా ఉండగానే అడవి దాటేయాలని నా ప్లాను. కాలేజీ కుర్రాళ్ల గుంపొకటి మమ్మల్ని దాటిపోయింది. అక్క ఒక వేరు మీద తీరిగ్గా కూర్చుని బూటు విప్పింది. రెండు మేజోళ్లూ ఊడదీసి, తిరగేసి, దులిపింది. మడమ దగ్గర రూపాయి బిళ్లంత మేర ఎర్రబడింది, ఇంకా పొక్కలేదు. చున్నీ కొసతో వేళ్ల మధ్యతో సహా తడి తుడిచి, అటూ ఇటూ ఊదుకుని, నా సంచిలోంచి ప్లాస్టర్ తీయించి అంటించింది. లోపలి మేజోడు ముడత పడకుండా గోటితో సాగదీసుకుని మళ్లీ తొడుక్కుంది. మొత్తం ఎనిమిది నిమిషాలు. నేను వాచీ చూసుకున్నాను కాబట్టి తెలుసు.

ఆ రోజు అలా నాలుగుసార్లు ఆగాం. నాలుగూ తన బూటు గురించే. సాయంత్రానికి ఆమె కాలికి ఒక్క పొక్కు లేదు. మమ్మల్ని దాటిపోయిన కుర్రాళ్లలో ఒకడు భట్టర మనె అరుగు మీద చీమూ నెత్తురూ కలిసిన మడమ పట్టుకుని కూర్చున్నాడు.

భట్టర మనె అంటే భట్టుగారి ఇల్లు. దారి మధ్యలో, పోకచెట్ల తోట పక్కన, ఎక్కేవాళ్లకు అన్నం పెట్టే ఇల్లు. అప్పట్లో మొదటి రాత్రి అక్కడే పడుకుని తెల్లారి శిఖరానికి వెళ్లేవాళ్లు చాలామంది. వేడి అన్నం, సాంబారు, ఊరగాయ, మజ్జిగ. ఇంతే భోజనం. సాంబారులో బెల్లం వేశారని మామూలుగా అయితే అక్క ఒక అరగంట ఉపన్యాసం ఇచ్చేది. ఆ రోజు మూడుసార్లు వడ్డించుకుంది.

పొద్దున్నే ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర పేర్లు రాసి బయల్దేరాం. మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. నాతో నడిచినవాళ్లలో రెండు రకాలున్నారు. ఒక రకం, ముందు పరుగెత్తి ఎక్కడో కూర్చుని మనం రొప్పుతూ చేరగానే "పదండి" అని లేచేవాళ్లు. వాళ్ల విశ్రాంతి అయిపోతుంది, మనది మొదలే కాదు. రెండో రకం ప్రతి మలుపులోనూ "ఇంకెంత దూరం" అనేవాళ్లు. అక్క ఈ రెండూ కాదు. ఎక్కేటప్పుడు నోరు మెదపదు. చదును రాగానే అత్తగారి కబుర్లు మొదలుపెడుతుంది. వాక్యం మధ్యలో ఊపిరి తెగితే "నడక ఎక్కువైంది, తగ్గించు" అంటుంది. ఇదే మాట ట్రెక్ లీడర్లు పెద్ద శాస్త్రంలా చెబుతారు. ఈవిడకి అలిపిరి మెట్లు నేర్పినట్టున్నాయి.

రాతి మండపం దగ్గర నీళ్లు పట్టుకున్నాం. అక్కణ్ణుంచి శేషపర్వతం. అసలు ఎక్కుడంటే అదే. ఒక పక్క కొండ నిలువునా తెగిపోయి ఉంటుంది, కింద నుంచి మబ్బు పొగలా లేచి మొహానికి కొడుతుంది.

అక్కడికి చేరకముందే నా కుడి మోకాలు మొదలైంది.

దీనికో పాత కథ ఉంది. రెండేళ్ల ముందు ఆఫీసు గుంపుతో ఒక కొండకి వెళ్లినప్పుడు ఇదే మోకాలు పైకెక్కేటప్పుడే సన్నగా లాగింది. పదిమంది మగపిల్లల మధ్య ఆడదాన్ని నేనొక్కదాన్నే, చెబితే ఏమనుకుంటారోనని నోరు మూసుకున్నాను. ఎక్కేటప్పుడు లాగిన మోకాలు దిగేటప్పుడు ఊరుకోదు. ప్రతి అడుగులోనూ ఒళ్లంతా వచ్చి దాని మీదే పడుతుంది. చివరి రెండు కిలోమీటర్లు మెట్టుమెట్టుకీ కూర్చుని, చేతులు ఆనించి జారుతూ దిగాను. నావల్ల పదకొండుమందికీ చీకటి పడింది. టార్చిలైట్లు మూడే ఉన్నాయి. ఎవరూ పల్లెత్తు మాటనలేదు. ఆ తర్వాత ట్రెక్‌కి మాత్రం నన్ను పిలవలేదు. వాళ్లు మంచి తోడు కాదని చాన్నాళ్లు అందరికీ చెప్పుకున్నాను.

ఇంత జరిగాక కూడా, శేషపర్వతం మీద "ఏం మాట్లాడట్లేదు, మోకాలా?" అని అక్క అడిగితే "ఏం లేదక్కా, చలి" అన్నాను.

తను ఇంకేం అనలేదు. పులిహోర డబ్బా మూత తీసి నా ఒళ్లో పెట్టింది. నేను సగం తిన్నాక, "నా బూటుకి నాలుగుసార్లు ఆగావు. నీ మోకాలికి ఒక్కసారి ఆగితే నా సొమ్మేం పోతుందే?" అంది.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. లాగుతోందని చెప్పేశాను. ఎప్పట్నుంచి అంటే మండపం దగ్గర్నుంచి అన్నాను. నిజానికి భట్టర మనె నుంచే. అది కూడా రెండు నిమిషాలాగి చెప్పాను.

శిఖరం ఎదురుగా ఉంది. మధ్యలో ఒక లోయ అడవి, ఆపైన తడి బండ. గట్టిగా అనుకుంటే గంట, గంటన్నర. అక్క ఒకసారి అటు చూసింది, ఒకసారి నా కాలు చూసింది. బూట్లు విప్పి పక్కన పెట్టి, శిఖరం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. "కనిపించాడుగా" అంది. మళ్లీ బూట్లు వేసుకోవడానికి యథాప్రకారం ఎనిమిది నిమిషాలు పట్టింది. ఈసారి వాచీ చూడలేదు, అలవాటుగా తెలిసింది.

నా సంచిలో నీళ్ల సీసాలన్నీ తన సంచిలోకి మారాయి. తన చున్నీ నా మోకాలికి కట్టు అయింది. ఎక్కడో ఏరిన కర్ర ఒకటి చేతికిచ్చి, ఏటవాలు దారిలో అడ్డంగా అడుగులేయమని చెప్పి, నాకంటే ఒక్క అడుగు ముందు నడిచింది. జారితే తన మీద పడాలని. గడ్డి కొండల మీద ఎండ మాడ్చేసింది. అడవిలోకి దిగాక మొదటిసారి "అక్కా, ఆగుదాం" అన్నాను. అనడానికి గొంతు పెగల్లేదు గానీ అన్నాను. తర్వాతివి తేలికైపోయాయి.

నాలుగోసారి ఆగినప్పుడు తను వేళ్లు మడిచి లెక్కపెట్టి "సరిపోయింది" అంది.

ఊరి దీపాలు కనబడుతుండగా ఐదోసారి ఆగాను. "ఇది అప్పు" అంటూ పక్కనే చతికిలబడి, మిగిలిన జంతికలు సంచిలోంచి తీసింది.