తానుగా పడినది

కనుమ వెళ్ళిన మూడో రోజున కుడిచేతి చూపుడువేలి మొదట్లో చిన్న దద్దురు లేచింది. దోమకాటు అనుకున్నాను. మర్నాటికి నీటిపొక్కు అయింది. ఇంకో రెండు రోజులకు పొక్కు చితికి, నడుమ నల్లటి పెచ్చు కట్టింది. చల్లారిన బొగ్గుముక్కను చర్మంలో నొక్కి పెట్టినట్టు ఉండేది. చుట్టూ వాపు. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేకపోవడం వల్లే మూడు రోజులు పసుపు అద్దుకుంటూ కూర్చున్నాను.

ఇది దేనివల్ల వచ్చిందో చెప్పాలంటే మా తాత దగ్గర మొదలుపెట్టాలి. మాది శ్రీకాకుళం జిల్లాలో మెళియాపుట్టి వైపు పల్లె. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు తాత సవర స్నేహితులతో కలిసి మహేంద్రగిరి వైపు కొండల్లో వేటకు వెళ్ళేవాడు. చట్టం వచ్చాక బల్లెం అటకెక్కించాడు, మళ్ళీ దించలేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయన అడవిపందిని శుభ్రం చేయడం దగ్గరుండి చూశాను. కింద అడ్డాకులు పరిచేవాడు. చర్మం కింద రెండు వేళ్ళు దూర్చి, వాటి మధ్య కత్తిని పదును పైకి ఉండేలా పెట్టి, పొట్ట పొడవునా నెమ్మదిగా నడిపేవాడు. పేగు తెగితే మాంసమంతా పాడవుతుందని ఊపిరి బిగబట్టి కోసేవాడు. కార్జాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసేవాడు. మచ్చ కనిపిస్తే అంత శ్రమా వదులుకునేవాడు. "మనం పడగొట్టినదాన్నే కోయాలిరా. తానుగా పడినదాన్ని భూమికి వదిలెయ్యాలి" అనేవాడు.

వేట మానేశాక ఆ పనితనమంతా పండగ వేటపోతుల మీదకు వచ్చింది. ఆయన నుంచి నాకు వచ్చింది. ఊళ్ళో పోతును కోస్తే విప్పడానికి నన్నే పిలుస్తారు.

కనుమనాడు తెల్లవారకముందే మా బావ వచ్చాడు. "పోతును కోసేశాను, చేతులు చాలడం లేదు, రండి బావా" అన్నాడు. వెళ్ళేసరికి మెడ తెగి ఉంది, నేలమీద నెత్తురు దోసెడు కూడా లేదు. పొట్ట తెరిస్తే లోపలి నెత్తురు తారులా నల్లగా, గడ్డకట్టకుండా జారుతోంది. తిల్లి, అంటే ప్లీహం, ఉండవలసినదానికి రెండింతలు ఉబ్బి, వేలు తగలగానే మెత్తగా చితికిపోయింది. నేను చూశాను. చూసి కూడా చెయ్యి ఆపలేదు. పది వాటాలకు ఆకులు పరిచి ఉన్నాయి, పిల్లలు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. పండగపూట ఎలా కాదనడం? విరిగిన పక్కటెముక ముక్క వేలికి గుచ్చుకుంది. కడుక్కుని పని ముగించాను. ఆ పోతు రాత్రే చచ్చిందనీ, చచ్చాక మెడ కోశారనీ నాకు తర్వాత తెలిసింది.

వాపు మణికట్టు దాటి జ్వరం రాగానే పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. పరీక్షలు, సెలైన్లు, సంతకాలు అన్నీ అయ్యాయి. ఏం పని చేశారని ఒక్కరూ అడగలేదు. సాయంత్రం సర్జన్ వచ్చి పుండు చూసి, "పొద్దున కోసి శుభ్రం చేద్దాం, అవసరమైతే వేలు తీసేద్దాం" అన్నాడు. నా ముఖం చూసి, "రిటైరయ్యారు కదా, ఇంకా ఆ వేలుతో ఏం పని?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ముప్పై ఆరేళ్ళు సుద్దముక్క పట్టిన వేలు అది. ఎందరో పిల్లల చేత అక్షరాలు దిద్దించింది. ఆయన ఆ మాట అని మరుక్షణంలో మరిచిపోయి ఉంటాడు. నేను మరవలేదు, క్షమించలేదు.

ఆ రాత్రి మా ఆవిడ వాపు అంచున బాల్‌పెన్నుతో గీత గీసింది. పదకొండింటికి ఒకటి, ఒంటిగంటకు ఒకటి. మూడింటికి గీసిన గీత మోచేయి దాటింది. చర్మం బిగిసి దీపం వెలుగుకు మెరుస్తోంది. ఆమె అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంటూ ఉంటే, నేను మందుల చీటీ వెనక ఎడమచేత్తో నా పేరు రాసుకుంటూ కూర్చున్నాను. ఒక్క అక్షరమూ కుదురుగా రాలేదు. తెల్లవారాక అబ్బాయి ఆ డాక్టర్లతో వాదించి నన్ను విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ మా అమ్మాయి వయసున్న డాక్టరమ్మ చెయ్యి చూడగానే అడిగిన మొదటి మాట: "మాస్టారూ, ఈ మధ్య ఏ పశువునైనా కోశారా?" నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అది ఆంత్రాక్స్, పశువైద్యులు దొమ్మ వ్యాధి అంటారే, అదేనని అనుమానించింది. ఈ పుండు మీద కత్తి పెట్టకూడదని, కోస్తే విషక్రిమి ఒంట్లోకి పాకే ప్రమాదం ఉందని గట్టిగా చెప్పింది. పొక్కు రసంలో కడ్డీల్లాంటి క్రిములు కనిపించాయి. పెన్సిలిన్ మొదలుపెట్టారు. చర్మానికి వచ్చే ఈ జబ్బును వదిలేస్తే ఐదుగురిలో ఒకరు పోతారట, వేళకు మందు పడితే దాదాపు అందరూ బతుకుతారట. మందు పడినా నల్లపెచ్చు వెంటనే పోదు, భయపడవద్దని ముందే చెప్పింది. మూడో రోజుకు జ్వరం దిగింది. వాపు గీత తర్వాత గీత వెనక్కి తగ్గింది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

ఊళ్ళోకి పశువైద్యులు, ఆరోగ్య సిబ్బంది వచ్చారు. మాంసం తిన్నవారందరికీ మాత్రలు ఇచ్చారు. బోటి కడిగిన మా చెల్లెలికి, అంటే బావ భార్యకు, ముంజేతి మీద పొక్కు లేచి మందులతో మానింది. మిగిలిన మేకలకు టీకాలు వేశారు.

పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచో వెనక నుంచో నల్లని నెత్తురు కారుతుంటే దాన్ని తెరవకండి, తోలు తీయకండి. పశువుల ఆసుపత్రికి చెప్పండి. లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. తెరిస్తే ఆ క్రిమి గాలి సోకి గట్టి బీజంగా మారి, మట్టిలో దశాబ్దాలు బతికి ఉంటుంది. జబ్బు కనిపించిన ఊళ్ళో మందకు ఏటా టీకా వేయించండి. డాక్టరు అడగకపోయినా, ఏం కోశారో ఏం కడిగారో మీరే చెప్పండి.

రథసప్తమికి అరసవల్లి వెళ్ళాం. తలమీద జిల్లేడాకులు పెట్టుకుని, కట్టు తడవకుండా కుడిచెయ్యి పైకెత్తి స్నానం చేశాను. నేను పెన్సిలిన్‌నూ నమ్ముతాను, ఆ స్వామినీ నమ్ముతాను.

తర్వాత కొన్నాళ్ళకు పెచ్చు రాలింది. వేలు మొదట్లో రూపాయి బిళ్ళంత గుంట మిగిలింది, కలం పట్టుకుంటే అక్కడ చర్మం లాగుతుంది. ఈ కాగితం ఆ వేలుతోనే రాశాను. బావతో ఇంకా మాట్లాడలేదు. రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, తల వంచుకుని నిలబడి వెళ్ళిపోయాడు. చెల్లెలు మాత్రం రోజూ తెల్లవారేసరికి చెంబుతో పాలు అరుగు మీద పెట్టి వెళుతోంది. మా ఆవిడ వాటిని మూడు పొంగులు వచ్చేదాకా కాస్తుంది. తాగుతున్నాం.