నాన్న గ్లాసులో కొత్తిమీర

మా నాన్న గుండెలో ఒక కవాటం లోహంతో చేసినది. ఆపరేషన్ అయి ఏడేళ్లయింది. అప్పటి నుంచి రోజూ రాత్రి రక్తం తేలిగ్గా గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ మాత్ర వేసుకుంటారు. నెలకోసారి రక్తపరీక్ష చేయించుకుని, రక్తం గడ్డకట్టడానికి ఎంత ఎక్కువ సమయం పడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ ఎంతొచ్చిందో ఒక చిన్న నోట్‌బుక్కులో రాసుకుంటారు. ఆయనకు ఆ అంకె 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. తగ్గితే కవాటం దగ్గర రక్తం గడ్డకట్టే ప్రమాదం. పెరిగితే లోపలెక్కడైనా రక్తస్రావమయ్యే ప్రమాదం. ఇన్నేళ్లలో పెద్దగా అటూ ఇటూ కాని అంకె ఈసారి 1.7 వచ్చింది.

మాత్ర ఏ రోజైనా మర్చిపోయారా అని డాక్టరు గారు అడిగారు. లేదు. కొత్త మందులేమైనా వాడుతున్నారా? లేదు. తిండిలో మార్పేమైనా ఉందా అనగానే నాన్న నా వైపు చూశారు. మూడు వారాలుగా ఆయన పొద్దున్నే ఒక పెద్ద గ్లాసు పచ్చి కొత్తిమీర, పార్స్లీ రసం తాగుతున్నారు. తాగమన్నది నేనే.

నేను డిగ్రీ పిల్లలకు ఆర్గానిక్ కెమిస్ట్రీ చెబుతాను. ఆకుల్లో ఉండే పాలీఫినాల్స్ అనే యాంటీ ఆక్సిడెంట్లంటే నాకు చాలా ఇష్టం. వాటిలో ఒకటైన రోజ్‌మారినిక్ ఆమ్లం నిర్మాణాన్ని బోర్డు మీద గీస్తూ గంట గడిపేయగలను. ఆ ఇష్టంతోనే నాన్నకు "యాంటీ ఆక్సిడెంట్లు, గుండెకు మంచిది" అని చెప్పాను. అదే ఆకులో ఉండే విటమిన్ కె నాకు గుర్తుకు రాలేదు. అది తెలియని విషయమా అంటే కాదు, బాగా తెలుసు. తెలిసిన రసాయనాన్ని ఇంట్లో గ్లాసులో చూసి గుర్తుపట్టలేకపోయాను.

"ఆకే కదమ్మా, ఆకు ఏం చేస్తుంది?" అన్నారు నాన్న కారులో. ఆ ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను.

విటమిన్ కె ఆకులో మన కోసం తయారయ్యింది కాదు. ఆకు సూర్యకాంతిని పట్టుకున్నాక ఎలక్ట్రాన్లను ఒకచోటి నుంచి ఇంకోచోటికి అందించాలి. ఆ పని చేసే అణువుల్లో ఇదొకటి, దాని అసలు పేరు ఫిల్లోక్వినోన్. పత్రహరితం ఉన్నచోట ఇదీ ఉంటుంది. అందుకే ముదురు ఆకుపచ్చ ఆకుల్లో ఎక్కువ, కాడల్లో తక్కువ. 100 గ్రాముల పచ్చి కొత్తిమీరలో సుమారు 310 మైక్రోగ్రాములు, అంతే పార్స్లీలో సుమారు 1640 మైక్రోగ్రాములు ఉంటుంది. పెద్దవయసు మగవాళ్లకు రోజుకు సరిపోయేది 120 మైక్రోగ్రాములు. నాన్న గ్లాసులో పార్స్లీ గుప్పెడే అయినా, లెక్క ఎక్కడికి పోయిందో చూడండి.

మన ఒంట్లో ఇది కాలేయంలో పనిచేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన 2, 7, 9, 10 నంబర్ల ప్రొటీన్లకు కొన్నిచోట్ల అదనంగా ఒక కార్బాక్సిల్ గుంపు తగలాలి. అది తగిలితేనే అవి కాల్షియాన్ని పట్టుకోగలవు, కాల్షియాన్ని పట్టుకుంటేనే గాయం దగ్గర పని మొదలుపెడతాయి. ఆ తగిలించే పనిలో విటమిన్ కె ఖర్చవుతుంది. ఒక ఎంజైమ్ దాన్ని మళ్లీ పాత రూపంలోకి తెస్తుంది. వార్ఫరిన్ అడ్డుపడేది ఆ ఎంజైమ్‌కే. నాన్న మాత్ర రాత్రి తలుపు మూస్తుంటే, నేను పొద్దున్నే గ్లాసుతో కిటికీ తెరిచానన్నమాట.

ఆ రాత్రి నిద్రపట్టక వార్ఫరిన్ చరిత్ర మళ్లీ చదివాను. అది కూడా ఆకు కథే. 1920లలో కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోయేవి. అవి తిన్నది బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి. ఆ ఆకుల తీపి వాసనకు కారణం కూమరిన్ అనే పదార్థం. బూజు దాన్ని డైకూమరాల్‌గా మారుస్తుంది. విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాల ఆ పదార్థాన్ని వేరుచేసింది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుషులకు మందయ్యింది. ఒక ఆకు నుంచి వచ్చిన అణువు నాన్న కవాటాన్ని కాపాడుతుంటే, ఇంకో ఆకులోని అణువు దానికి ఎదురు నిలిచింది. ఇది తెలిశాక ఆకు ఏం చేస్తుందిలే అనడం నా వల్ల కాదు.

మరి నేను నమ్మిన యాంటీ ఆక్సిడెంట్ల సంగతి? రోజ్‌మారినిక్ ఆమ్లాన్ని 1958లో రోజ్‌మేరీ ఆకుల నుంచి వేరుచేశారు. పుదీనాలో, తులసిలో కూడా ఉంటుంది. పరీక్షనాళికలో అది కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను చక్కగా అణుస్తుంది. కానీ పేగుకూ రక్తానికీ మధ్య చాలా జరుగుతుంది. ఇలాంటి అణువుల్లో చాలా భాగాన్ని పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలు చేస్తుంది. రక్తంలోకి చేరిన కొద్దిపాటిని కూడా కాలేయం వేరే రూపంలోకి మార్చి బయటికి పంపిస్తుంది. పరీక్షనాళికలో కొలిచిన బలం ఒంట్లో పనిచేస్తుందని చెప్పలేమనే అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన యాంటీ ఆక్సిడెంట్ విలువల పట్టికను వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆకులు పనికిరావని దీనర్థం కాదు. ఆ ముక్కలే పేగులో మంచి చేస్తున్నాయేమో అన్నది ఇప్పుడు పరిశోధకులు వెతుకుతున్న దారి, నాకూ ఆశగా ఉంది. కానీ ఆ ఆశను నాన్నకు నిజమన్నట్టు చెప్పాను. అదే తప్పు.

గట్టిగా నిలబడిన సంగతులూ ఉన్నాయి. పుదీనాలోని మెంథాల్ నోటిని నిజంగా చల్లబరచదు. చలిని గుర్తించే టీఆర్‌పీఎం8 అనే నాడీ గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని 2002లో కనుక్కున్నవాళ్లలో ఒకరైన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పేగు కండరాల్ని వదులు చేసే గుణం కూడా మెంథాల్‌కు ఉంది. ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాల్లో మార్పులు తెచ్చే పేగు సమస్య) ఉన్నవాళ్లకు కడుపునొప్పి తగ్గించడానికి పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూల్స్ ఇస్తారు, మనుషుల మీద జరిగిన పరీక్షల్లో ఉపయోగం కనిపించింది కూడా. అయితే ఆ క్యాప్సూల్ కడుపు దాటి పేగులోకి వెళ్లాకే కరిగేలా పూత పూసినది, అందులోని నూనె నాలుగు పుదీనా ఆకుల్లో ఉండేదానికంటే ఎంతో ఎక్కువ. కొత్తిమీరలోని డోడెసినాల్ అనే పదార్థం నాడీ కణాల్లోని కొన్ని పొటాషియం ఛానెళ్లను తెరుస్తుందని 2019లో ఒక పరిశోధనలో తేలింది. మూర్ఛకు ఆకుల్ని ఎందుకు వాడేవారో వివరించే చక్కని ఆధారం అది. అయినా కొత్తిమీర మూర్ఛకు మందు అనడానికి చాలదు.

డాక్టరు గారు కొన్నాళ్లు మాత్ర మోతాదు పెంచి, వారానికోసారి పరీక్ష చేయించుకోమన్నారు. నాన్న కంగారుపడి, ఇక ఆకు అన్నది ఇంట్లోకే రానివ్వనన్నారు. డాక్టరు గారు అలా వద్దన్నారు. ఉన్నట్టుండి మొత్తం మానేస్తే, పెంచిన మోతాదు మీద ఐఎన్‌ఆర్ అటువైపు ఎగిరిపోతుందట. ఆకులు తినొచ్చు, కానీ రోజూ ఇంచుమించు అంతే తినాలి, పెద్ద మార్పు ఏదైనా చేసేముందు తనకు చెప్పాలి అన్నారు. వార్ఫరిన్ వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ డాక్టరును అడగకుండా రసాలు మొదలుపెట్టకండి, మానకండి కూడా.

రసం ఆగిపోయింది. వంటింట్లోకి చిన్న త్రాసు వచ్చింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని కాడలు తుంచి ఆకులు అందులో వేసి, అంకె నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూస్తారు. ఐదో వారానికి ఐఎన్‌ఆర్ 2.8 వచ్చింది. నోట్‌బుక్కులో తేదీ, అంకె పక్కన ఇప్పుడు స్కేలుతో గీసిన మూడో గడి ఉంది. పైన "ఆకు" అని రాశారు. నిన్నటి వరుసలో 10 గ్రాములు.